చలికాలపు చిన్న ఊరి మిస్టరీ నవల నెమ్మదిగా నడుస్తోంది, ఎలా ఆస్వాదించాలి?

అందరూ మెచ్చుకున్నారని నవల మొదలుపెట్టారు. వంద పేజీలు దాటినా మంచు కురవడం, ఊరివాళ్ల కబుర్లు తప్ప ఇంకేం జరగట్లేదు. దీన్ని ఎలా ఆస్వాదించాలి, టెన్షన్ తట్టుకోలేకపోతే చివరి అధ్యాయం ముందే చూసేయొచ్చా అని అడిగారు. మిస్టరీల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మీకు అడ్డంగా అనిపిస్తున్న ఆ మంచు వర్ణనలను దాటేయకండి. సమాచారం అంతా అక్కడే ఉంటుంది. మామూలు మిస్టరీలో హంతకుడు ఎక్కడి నుంచైనా వచ్చి ఎక్కడికైనా పోవచ్చు. మంచు పడి రోడ్డు మూసుకుపోయిన ఊళ్లో అలా కుదరదు. ఆ రాత్రి ఊళ్లో ఉన్నవాళ్లలోనే ఎవరో చేసి ఉండాలి. మంచు ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి ఆగింది అన్న రెండు వాక్యాలు దొరికితే నేను అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకుంటాను. మంచు ఆగిన తర్వాత నడిచినవాళ్ల అడుగులు మిగులుతాయి, కురుస్తుండగా నడిచినవాళ్లవి పూడిపోతాయి. ఇంటి చుట్టూ అడుగులు లేవంటే దానికి రెండు మూడు అర్థాలు రావచ్చు. ఏది నిజమో తేల్చేది ఆ టైమే.

అగాథా క్రిస్టీ 1931లో రాసిన సిట్టాఫర్డ్ మిస్టరీ ఇందుకు మంచి ఉదాహరణ. మొదట్లోనే తెలిసేది కాబట్టి ఇది చెప్పినా కథ పాడవదు: ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ అనే బీడు ప్రాంతం అంచున మంచులో చిక్కుకున్న పల్లె, కార్లు కదలవు, ఆరు మైళ్ల దూరంలో ఉన్న స్నేహితుడికి ఏమైందో అని ఒకాయన మంచులో నడిచి బయలుదేరతాడు. కారుంటే ఆరు మైళ్లు ఒక లెక్కే కాదు. మంచులో అది గంటల ప్రయాణం. ఇలాంటి నవల్లో దూరాన్ని ఎప్పుడూ టైముగా మార్చుకుని చదవాలి.

చలి శవాన్ని కూడా మార్చేస్తుంది, నాకు బాగా నచ్చే విషయం ఇదే. చనిపోయాక ఒంట్లో వేడి ఎంత తగ్గిందో చూసి మరణ సమయాన్ని అంచనా వేస్తారు. గడ్డకట్టే చలిలో పడి ఉన్న శరీరం వేగంగా చల్లబడుతుంది, కుళ్లడం మాత్రం బాగా ఆలస్యమవుతుంది. దాంతో ఆ అంచనా ఎటైనా జారిపోవచ్చు. గదిలో కిటికీ తెరిచి ఉందని, లేదా పొయ్యి ఇంకా వెచ్చగా ఉందని రచయిత ఊరికే చెప్పడు. అలాంటి మాట కనిపిస్తే కాసేపు ఆగి ఆలోచించండి. అలాగే కొత్తగా పడ్డ మెత్తటి మంచు శబ్దాన్ని పీల్చేస్తుంది, అందుకే పక్కింటివాళ్లకు ఏమీ వినపడకపోవడం నమ్మదగ్గ విషయమే. కానీ అదే మంచు మీద పడ్డ వెలుతురులో ఎక్కువ భాగం వెనక్కి వస్తుంది. వెన్నెల ఉంటే అర్ధరాత్రి కూడా మనిషి ఆకారం దూరం నుంచి కనిపిస్తుంది. "నాకేమీ వినపడలేదు, కానీ ఎవరో నడిచి వెళ్లడం చూశాను" అని సాక్షి అంటే వెంటనే అబద్ధం అనుకోకండి.

ఇక ఊరివాళ్ల కబుర్లు. మీకు విసుగు పుట్టిస్తున్నవి ఇవేనని అర్థమైంది. ఉత్తర ఐస్‌లాండ్‌లో సిగ్లుఫ్యోర్దుర్ అనే నిజమైన ఊరుంది. రాగ్నార్ యోనాసన్ తన నవలలు కొన్నిటిని అక్కడే నడిపాడు. చుట్టూ కొండలు, ఎదురుగా సముద్రం. 1967లో కొండను తొలిచి సొరంగం వేసేదాకా చలికాలంలో మంచు పడితే రోడ్డు దారి మూసుకుపోయేది. నడి చలికాలంలో రెండు నెలలకు పైగా సూర్యుడు కొండల వెనకే ఉండిపోతాడు. అంత చీకట్లో, అంత కొద్దిమంది మధ్య బతికేవాళ్లకు ఒకరి సంగతులు ఒకరికి తెలియకుండా ఉండవు. ఇరవై ఏళ్ల కిందట ఎవరు ఎవరితో మాట్లాడడం మానేశారో అందరికీ గుర్తుంటుంది, పోలీసుకు తప్ప. అతను కొత్తగా బదిలీ అయి వచ్చినవాడైతే మనం అతని పక్కన కూర్చుని ఆ పాత సంగతులన్నీ ఒక్కొక్కటిగా వింటాం. హత్యకు కారణం చాలాసార్లు ఆ పాత సంగతుల్లోనే దొరుకుతుంది. అందుకే బేకరీ దగ్గరో, చర్చి మెట్ల మీదో ఇద్దరు మాట్లాడుకుంటుంటే నేను ఎవరి పేరు రాగానే మాట మార్చారో చూస్తాను. మాటల్లో చెప్పిన దానికన్నా దాటేసిందే నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది.

విదేశీ పేర్లు కలగాపులగం అయిపోతుంటే ఒక చీటీ మీద రాసుకుని పుస్తకంలోనే పెట్టుకోండి. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఇల్లు ఎక్కడో రాసుకుంటే చాలు. అనుమానాలు మాత్రం రాయకండి. ఒకసారి రాశాక వాటిని వదులుకోబుద్ధి కాదు, ఆపైన కథ ఏం చెప్తోందో సరిగా చదవలేం.

వీటిని పొద్దుపోయాక, ఫోన్ దూరంగా పెట్టి, ఒక్కో విడతకు రెండు మూడు అధ్యాయాలు చదువుతాను. యాక్షన్ థ్రిల్లర్‌లా ఒక్క ఊపున ముగించేస్తే ఊరు మనసుకు పట్టదు. మధ్య మధ్య ఆపితే పని చేసుకుంటున్నప్పుడు కూడా ఆ మనుషుల గురించి ఆలోచిస్తూ ఉంటాం. నాకు నిజమైన ఆనందం అదే. చదవడం ఎంతో, ఆగి ఊహించడం కూడా అంతే.

చివరి అధ్యాయం సంగతి. చూడొద్దనే చెప్తాను. హంతకుడెవరో తెలిసిపోయినా కథ నిలబడే నవలలు ఉన్నాయి, మంచి నవలను రెండోసారి చదివేది కూడా అందుకే. కానీ ఊళ్లో ప్రతి ఒక్కరినీ అనుమానించి, ప్రతి ఒక్కరి మీదా కొంచెం జాలి పడే అవకాశం మొదటి చదువులోనే ఉంటుంది. మరీ ఆగలేకపోతే ముందుకు వెళ్లే బదులు వెనక్కి వెళ్లండి. మొదటి ముప్పై నలభై పేజీలు ఇప్పుడే మళ్లీ చదవండి. మనుషులంతా ఇప్పటికే పరిచయం అయ్యారు కాబట్టి, మొదట ఊరికే వర్ణన అనిపించిన చోట్ల ఎవరెవరు ఏం చేస్తూ కనిపించారో ఈసారి పట్టుబడుతుంది. అక్కడి నుంచి మళ్లీ వందో పేజీకి వచ్చేసరికి కథ లాక్కెళ్లకపోతే, ఆ పుస్తకాన్ని హాయిగా పక్కన పెట్టి ఈ రకంలోనే ఇంకోటి అందుకోండి.