ముసురు పట్టింది, మంద కుంటుతోంది

గొర్రెల పెంపకం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాకు 40 గొర్రెలున్నాయి. పది రోజులుగా ముసురు వదలడం లేదు. ముందు రెండు కుంటాయి, ఇప్పుడు తొమ్మిది కుంటుతున్నాయి. కొన్ని ముందు మోకాళ్ళ మీద వాలి మేస్తున్నాయి. గిట్టలు చెక్కించి సున్నం పెట్టాం. తగ్గకపోగా రక్తం కారుతోంది. ఏం చెయ్యాలి?
(ఆనందపురం మండలం నుంచి ఒక పెంపకందారు)

జవాబు: ముందు ఆ కత్తి పక్కన పెట్టండి. పుండుపడ్డ గిట్టను చెక్కితే గాయం లోతవుతుంది, మానడం ఆలస్యమవుతుంది. అదే కత్తిని కడగకుండా ఇంకో గొర్రెకు పెడితే రోగాన్ని చేతులారా అంటించినట్టే. పచ్చి పుండు మీద సున్నం కూడా వద్దు, కాలుతుంది.

మీరు రాసినదాన్ని బట్టి ఇది గిట్టల కుళ్ళులా ఉంది. ఖాయం చేసుకోవడానికి గొర్రెను పిర్రల మీద కూర్చోబెట్టి, గిట్టల మధ్య సందు కడిగి, గుడ్డతో తుడిచి చూడండి. (చూడి గొర్రెనైతే అలా కూర్చోబెట్టకండి, నిలబెట్టే కాలు మడిచి చూడాలి.) సందులో చర్మం ఎర్రగా నాని, పైన తెల్లటి జిగురు ఉండి, గిట్ట గట్టిగానే ఉంటే తొలిదశ. ముదిరితే లోపలి అంచు దగ్గర గిట్ట పెంకు అడుగు నుంచి విడిపోతుంది, వేలితో నొక్కితే కదులుతుంది. ఆ పెంకు కింద బూడిద రంగు జిగురు, భరించలేనంత కంపు. ఆ కంపే అసలు గుర్తు.

దీనికి రెండు సూక్ష్మజీవులు కారణం. ఒకటి పేడలో, బురదలో మామూలుగా ఉండేదే. నానిన చర్మాన్ని దెబ్బతీసి దారి చేస్తుంది. రెండోది డైకెలోబాక్టర్ నోడోసస్, గిట్ట పెంకును కరిగించేది. ఇది రోగమున్న గిట్టలోనే కాపురముంటుంది, బయట నేల మీద సుమారు రెండు వారాలకు మించి నిలవదు. అంటే రోగం మీ చేనులో కంటే ఆ తొమ్మిది గొర్రెల కాళ్ళలోనే ఉంది.

అందుకే ఈ పూటే ఆ తొమ్మిదింటినీ వేరే పాకలోకి మార్చండి. పశువైద్యుణ్ణి పిలవండి. పశువుల అంబులెన్సు 1962 నంబరుకు ఫోన్ చేసినా సరే. ఇలాంటప్పుడు సాధారణంగా ఎక్కువ రోజులు పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ సూది కండకు వేస్తారు, కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 200 మిల్లీగ్రాములుండే మందైతే 30 కిలోల గొర్రెకు 3 మిల్లీలీటర్లు. మోతాదు డాక్టరే చెప్పాలి. సూది వేశాక కనీసం ఒక రోజు కాళ్ళు తడవకూడదు, తడిస్తే మందు ఫలితం తగ్గుతుంది. మందు ఒంట్లోంచి పోవడానికి ఇన్ని రోజులని సీసా మీద రాసి ఉంటుంది, ఆ గడువు తీరేదాకా ఆ గొర్రెను కోతకు అమ్మకండి.

మిగతా 31 గొర్రెలకు గిట్టల తొట్టి పెట్టండి. పొడవు 10 అడుగులు, వెడల్పు అడుగున్నర, మందు నీళ్ళ లోతు 3 అంగుళాలు. దీనికి సుమారు 105 లీటర్ల నీళ్ళు పడతాయి. అందులో పదిన్నర కిలోల జింక్ సల్ఫేట్ కలపాలి, అంటే 10 శాతం. వరికి వేసే జింక్ సల్ఫేట్ పొడే, ఎరువుల కొట్లో దొరుకుతుంది. దీనికి ముందు మామూలు నీళ్ళ తొట్టి ఒకటి ఉండాలి. బురద కాళ్ళతో దిగితే పది గొర్రెలు దాటేసరికి మందు మడ్డిగా మారి పనిచెయ్యదు. తొట్టిలో ఒక్కో విడతకు మూడు నాలుగు గొర్రెలు పడతాయి. పది నిమిషాలు కదలకుండా నిలబెట్టండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు: తొట్టిలోంచి పరిగెత్తించి పని అయిందనుకుంటారు. బయటికొచ్చాక గంటసేపు పొడి గచ్చు మీద ఉంచి, తర్వాతే మేతకు వదలండి. వారానికోసారి, కనీసం మూడు వారాలు చెయ్యాలి. ఈలోగా మంద రెండు వారాలుగా మేయని చోటికి మారితే మంచిది. మేకలు కలిసి తిరిగితే వాటినీ తొట్టిలో దింపండి.

ప్రశ్న: మా పెద్దవాళ్ళు మైలుతుత్తం వాడేవారు. అది పనికిరాదా?
(పద్మనాభం)

జవాబు: పనిచేస్తుంది, 100 లీటర్లకు 5 కిలోలు చాలు. కానీ మైలుతుత్తమంటే కాపర్ సల్ఫేట్, అందులో ఉండేది రాగి. రాగిని గొర్రె తట్టుకోలేదు. కొంచెం కొంచెంగా కాలేయంలో పేరుకుని, ఒకరోజు ఉన్నట్టుండి కళ్ళు పచ్చబడి, మూత్రం ముదురు ఎరుపుగా వచ్చి చచ్చిపోతుంది. వాడక తప్పకపోతే మందకు ముందే కడుపునిండా నీళ్ళు పట్టండి, తొట్టిలో మూతి పెట్టదు. మిగిలిన నీళ్ళు చెరువు గట్టునో మేసే చోటో పారబోయొద్దు. మైలుతుత్తం రేకు తొట్టిని కూడా తినేస్తుంది. మా మాటగా జింకే వాడండి.

ప్రశ్న: దొడ్డి నేల ఆరడం లేదు. ఏం పరవాలి?
(భీమిలి దగ్గర)

జవాబు: విశాఖలో జూన్ నుంచి నైరుతి వానలు, అవి తగ్గగానే అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు. సముద్రపు తేమ ఎటూ ఉంటుంది. గడ్డి పరిస్తే అది నాని పేడతో కలిసి గిట్టలకు ముద్దలా పట్టుకుంటుంది. చుట్టుపక్కల నేల కంటే అడుగు ఎత్తు గ్రావెల్ పోసి, దిమ్మిస కొట్టి, ఒక పక్కకు వాలు ఇవ్వండి. చుట్టూ జానెడు లోతు కాలువ తీయండి. రోజూ పేడ ఎత్తాక పొడి సున్నం పలచగా చల్లొచ్చు, అదీ చల్లార్చిన సున్నమే. నీళ్ళ తొట్టి దగ్గరా, గుమ్మం దగ్గరా బురద ఎక్కువగా చేరుతుంది, అక్కడ రాళ్ళు పరవండి. మీ వైపు సరుగుడు తోటల్లో ఇసుక నేల త్వరగా ఆరుతుంది. తోటవాళ్ళు ఒప్పుకుంటే ముసురు రోజుల్లో పల్లం వదిలి మందను అటు తోలండి. మంచు ఆరాకే వదలండి.

కొత్తగా కొన్న గొర్రెను నాలుగు వారాలు విడిగా ఉంచి, రెండుసార్లు గిట్టలు చూసి కలపాలి. సంతలో కుంటేదాన్ని చవకగా వస్తోందని కొనకండి.

ప్రశ్న: కుంటుతో పాటు నోట్లో పుండ్లు, చొంగ. ఇదీ గిట్టల కుళ్ళేనా?
(పెందుర్తి)

జవాబు: కాదు. గిట్టల కుళ్ళు నోటి జోలికి రాదు. నోట్లో, గిట్టల సందులో బొబ్బలుంటే గాలికుంటు. మూతి, పెదవులు వాచి, గిట్ట మొదట్లో ఎర్రటి పట్టీ కనిపిస్తే నీలి నాలుక, అది చిన్న దోమలు మోసేది. రెండింటిలోనూ జ్వరం ఉంటుంది. తొట్టి మందుతో తగ్గవు. మందను బయటికి తోలకుండా ఈరోజే పశువుల ఆసుపత్రిలో చెప్పండి.