20 సెం.మీ. కుండీకి కాయిల్స్ అన్నీ ముందే చేసి పెట్టుకోవచ్చా?

అడిగింది ఇదీ: చక్రం లేకుండా, కాయిల్స్ (తాడులా దొర్లించిన మట్టి పోగులు) పేర్చి, 20 సెం.మీ. ఎత్తు, అంతే వెడల్పు ఉన్న కుండీ చేయాలి. మట్టి ఎంత పడుతుంది, కాయిల్స్ ఎన్ని చేసి ఉంచుకోవాలి?

మట్టి ముందే తూచి పెట్టుకోండి. కాయిల్స్ మాత్రం ముందే చేసి పెట్టుకోవద్దు.

నేను నేర్చుకున్న క్లాసులో ఒకావిడ స్కేలుతో కొలిచి, కాయిల్స్ అన్నీ ఒకే పొడవుకు కోసి బల్ల మీద వరసగా పేర్చారు. చూడటానికి ముచ్చటేసింది. కుండీ సగం లేచేసరికి మిగిలినవి పైపైన ఆరిపోయాయి. గుండ్రంగా వంచగానే బయటివైపు అడ్డంగా సన్నటి పగుళ్లు. ఆవిడ తడి చేత్తో రుద్దితే మాయమయ్యాయి. కుండీ ఆరాక సరిగ్గా ఆ ఎత్తులోనే చుట్టూ విడిపోయింది. కింది సగం చెక్కుచెదరలేదు. టీచరేమో 'మట్టి మంచిది కాదు' అని తేల్చేశారు! అదే మట్టితో కింది సగం ఎలా నిలబడిందని ఎవరూ అడగలేదు. ఏది చెడినా మట్టి మీదకే తోసేయడం మనవాళ్లకు అలవాటు.

ఇక లెక్క. మట్టి ఆరినప్పుడూ కాలినప్పుడూ కుంచించుకుపోతుంది. అది 12 శాతం అనుకుంటే, 20 సెం.మీ. మిగలాలంటే పచ్చిగా 23 దాకా కట్టాలి. మీ మట్టి సంగతి తెలియాలంటే చిన్న పలక చేసి 10 సెం.మీ. గీత గీసి, కాల్చాక కొలవండి. 23 వెడల్పుకు చుట్టుకొలత 72. గోడ మందం 0.8 సెం.మీ. అయితే గోడకు రెండున్నర కిలోలు, అడుగుకు ఆరేడు వందల గ్రాములు పడుతుంది. గీకేసేది, పారేసేది కలుపుకొని 4 కిలోలు పిసికి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంచుకోండి.

కాయిల్ మందం ఒకటిన్నర కాబట్టి 23 సెం.మీ. ఎత్తుకు 15 వరసలు కావాలనుకుంటారు. కానీ కాయిల్‌ను నొక్కి గోడలో కలిపేస్తే అది పల్చబడి పైకి లేస్తుంది. 11 వరసలకే పని అయిపోతుంది. అయినా ఈ అంకె పట్టుకుని కూర్చోకండి. రెండు మూడు చేయండి, తడిగుడ్డ కప్పండి, వాడేయండి, మళ్లీ చేయండి. కుండీ పొట్ట పెరగాలంటే కాయిల్‌ను కిందిదానికి కాస్త బయటికి పెట్టాలి, మూతి సన్నబడాలంటే లోపలికి. అప్పుడు పొడవు ప్రతి వరసకూ మారుతుంది, ముందే కోసి పెట్టుకున్నవి దేనికి పనికొస్తాయి? ఒక వరసలో అతుకు ఎక్కడ పడిందో పై వరసలో అక్కడే పడనివ్వకండి.

కాయిల్స్‌ను నున్నటి బల్ల మీద మాత్రం దొర్లించకండి. మట్టి దొర్లకుండా జారి పట్టీలా చదునవుతుంది. కాన్వాస్ పరిస్తే బాగా దొర్లుతుంది, కానీ అది తడి పీల్చేస్తుంది కాబట్టి కాయిల్‌ను దాని మీద వదిలేయకూడదు.

వీడియోలు చూసి ఒక్క కూర్చోవడంలో కట్టేద్దామనుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. మధ్యలో ఆగిన సమయాన్ని వీడియోలోంచి కత్తిరించేసి చూపిస్తారు వాళ్లు. నాలుగైదు వరసలు కాగానే ఆపి, వేలితో నొక్కితే సొట్ట పడనంత, గోరు మాత్రం దిగేంత గట్టిపడనివ్వండి. ఆలోగా పై అంచుకు తడిగుడ్డ చుట్టి ఉంచాలి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఆ అంచును గీరి, పలచటి మట్టి బురద పూసి, అప్పుడు తర్వాతి కాయిల్ పెట్టండి.