ఈసారి వంతు మీది

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. చిన్నప్పుడు వీడియో గేమ్ అన్నయ్య ఆడితే నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. అడిగితే ‘నీకు రాదులే’ అనేవాడు. ఇప్పుడు పాత వీడియో గేములుండే బార్‌కి రమ్మంటున్నాడు. నేను తాగను. బార్ అంటే అత్తగారు ఏమంటారోనని భయం. ఏ ఆట నేర్చుకుని వెళ్తే నవ్వులపాలు కాకుండా ఉంటాను?

జవాబు: అత్తగారికి ఉన్నదున్నట్టు చెప్పి వెళ్లండి. తోడబుట్టినవాడితో వెళ్లడానికి అంతకు మించి సంజాయిషీ అక్కర్లేదు. తాగాలనీ లేదు, కూల్‌డ్రింక్ చాలు. మిమ్మల్ని బాధపెడుతున్నది ముప్పై ఏళ్లనాటి ‘నీకు రాదులే’. ముందే సాధన చేసి వెళ్లడమంటే ఆ మాటను ఒప్పుకున్నట్టే. వద్దమ్మా.

ప్యాక్-మ్యాన్‌తో మొదలుపెట్టండి. వంకర దారుల్లో తిరుగుతూ చుక్కలు తినాలి, తరిమే నాలుగు దయ్యాలకు చిక్కకూడదు, అంతే ఆట. ఆడవాళ్లు కూడా ఆర్కేడ్లకు, అంటే డబ్బులు వేసి వీడియో గేములు ఆడే చోట్లకు, రావాలన్న ఆలోచనతోనే తోరు ఇవాతాని దీన్ని రూపొందించారు. నామ్‌కో 1980లో విడుదల చేసింది. ఆడటానికి నాలుగు వైపులా కదిలే జాయ్‌స్టిక్ ఒక్కటే. నిలబడి ఆడే మెషీన్ చూసుకుని, ఇద్దరు ఆటగాళ్ల బటన్ నొక్కండి. కాయిన్ మెషీనైతే రెండు క్రెడిట్లు, అంటే ఇద్దరి ఆటకూ డబ్బులు, వేయాలి. ఒకరు దయ్యానికి చిక్కగానే వంతు రెండోవారికి మారుతుంది. అన్నయ్య పక్కకు జరగక తప్పదు.

జాయ్‌స్టిక్‌ను వేళ్లతో తేలిగ్గా పట్టుకోండి. గట్టిగా లాగితే వేగం పెరగదు, ఏటవాలుగా తోస్తే మలుపు తప్పుతుంది. మలుపు రాకముందే అటు వంచి ఉంచితే దయ్యాలకన్నా కాస్త ముందుంటారు. తరుముకొస్తే పక్క సొరంగంలో దూరండి, అక్కడ వాటి వేగం తగ్గుతుంది. పెద్ద చుక్క తినగానే దయ్యాలు నీలంగా మారతాయి. అప్పుడు ఆ దయ్యాలను వరసగా తింటే 200, 400, 800, 1600 పాయింట్లు, కాబట్టి నాలుగూ దగ్గరపడ్డాకే ఆ చుక్క తినండి. అవి మినుకుమినుకుమంటే ఇక వెంటపడొద్దు. గ్లాసు మాత్రం కంట్రోల్ ప్యానెల్ మీద పెట్టకండి. ఒలికితే బటన్ల సందుల్లోంచి లోపలి స్విచ్‌లలోకి దిగుతుంది.

ఇద్దరు ఎదురెదురుగా కొట్టుకునే ఆట స్ట్రీట్ ఫైటర్ 2 దగ్గరికి ఆ రోజు అన్నయ్య ఎంత లాగినా వెళ్లకండి. గుద్దులకు మూడు, తన్నులకు మూడు, మొత్తం ఆరు బటన్లు. బాగా తెలిసినవాడి ముందు కొత్తవాళ్లు నిమిషం నిలవరు. అన్నయ్య నోట మళ్లీ అదే మాట వస్తుంది.

వస్తే ఊరుకోకండి. ‘చిన్నప్పుడు నాకు వంతు ఇవ్వలేదు అన్నయ్యా, ఇప్పటికీ బాధగా ఉంది’ అని మొహం మీదే చెప్పండి. పెద్దవాడని గౌరవించడానికి నోరు మూసుకోనక్కర్లేదు. అందుకే వారం మధ్యలో, బార్ తెరిచిన గంటలోపే వెళ్లండి. మెషీన్ కోసం వెనక ఎవరూ నిలబడరు, మీరిద్దరూ మాట్లాడుకోవడానికి తీరిక ఉంటుంది.