లక్ష అంటే ఎనిమిది నెలలే

బిడ్డా,

చిప్‌లు తయారుచేసే మైక్రోచిప్ కంపెనీలో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. రూమ్ కోకాపేట దగ్గరే చూసుకో, ఎల్బీనగర్ నుంచి రోజూ సిటీ అంతా దాటుకుని పోవద్దు. వేళకు తిను. కస్టమర్ల ప్రశ్నలకు జవాబులిచ్చే టీమ్‌లో వేశారట కదా, నా టెన్షనంతా దాని గురించే.

2012 శ్రావణంలో నేను బోరు మోటార్లకు ఆటో స్టార్టర్ డబ్బాలు చేసి అమ్మాను, నీకు గుర్తుండదు. లోపల ఏటీమెగా328పీ చిప్. అప్పుడు అట్మెల్‌ది, 2016లో ఆ కంపెనీని మీ మైక్రోచిప్పే కొన్నది. బోరులో నీళ్లు అయిపోతే మోటారు తాగే కరెంటు తగ్గుతుంది. అది చూసి డబ్బా మోటారు ఆపేయాలి. ఎంత తగ్గితే ఆపాలన్న లెక్క, మోటారు ఎంతసేపు తిరిగిందన్న లెక్క, రెండూ కలిపి చిప్ లోపలి ఈప్రామ్ అనే మెమరీలో నిమిషానికోసారి రాయించాను. కరెంటు పోయినా లెక్క పోవద్దని.

చిప్ వివరాలన్నీ ఉండే డేటాషీట్‌లో ఈప్రామ్‌కు లక్ష రాతలు అని ఉంది. చదివాను బిడ్డా, చదవలేదని కాదు. లక్ష అంటే తక్కువా అనుకుని పేజీ తిప్పేశాను. అప్పుడు పొలాలకు ఏడు గంటల కరెంటు. రోజుకు 420 రాతలు. కాగితం మీద ఒక్క భాగహారం చేసుంటే తెలిసేది, లక్ష ఎనిమిది నెలలకే అయిపోతుందని. ఆ తర్వాత అందులో రాసింది రాసినట్టే ఉంటుందన్న హామీ లేదు.

సరిగ్గా ఏప్రిల్‌లో మొదలైంది. ఆపాల్సిన లెక్క చెరిగిపోయింది. కనగల్ దగ్గర ఒక బత్తాయి తోటలో నీళ్లు లేని బోరులో మోటారు తిరిగి తిరిగి వైండింగ్ కాలిపోయింది. మోటారు పైకి తీసి, వైండింగ్ చేయించి, మళ్లీ దించేసరికి పిందె రాలిపోయింది. ఆ రైతు నన్ను తిట్టలేదు. "మిషన్ చూసుకుంటదంటివి గద సారూ" అన్నాడు, అంతే. చిప్ తప్పేం లేదు, తప్పు నాది. డబ్బాలన్నీ వెనక్కి తెచ్చి, గంటకోసారి రాసేలా మార్చాను. అలా అయితే ముప్పై తొమ్మిదేళ్లు పడుతుంది లక్షకు. మార్చింది ఒక్క లైను.

రేపు నాలాంటి వాడే వచ్చీరాని ఇంగ్లీషులో నీకు మెయిల్ పెడతాడు. డేటాషీట్ చూసుకో అని లింకు పంపి ఊరుకున్నావో, నేను ఊరుకోను. రోజుకు ఎన్నిసార్లు రాస్తున్నావని అడుగు. వాడి బదులు భాగహారం నువ్వు చెయ్యి. మీ పైవాళ్లు టైమెందుకు పడుతోందంటే ఈ తోట గురించి చెప్పు.

కోప్పడ్డానని అనుకోకు. చిన్నప్పుడు నా బల్ల కింద కూర్చుని సోల్డర్ వైరు చుట్టలతో ఆడుకునేదానివి, చెయ్యి కాల్చుకుంటావని అరిచేవాణ్ణి. ఇప్పుడూ అదే గొంతు వస్తోంది.

ఆ తోట డబ్బాలోని బోర్డు నా బీరువాలోనే ఉంది. దసరాకు వచ్చినప్పుడు తీసుకుపో, నీ టేబుల్ మీద పెట్టుకో.

మీ మామ
నల్లగొండ