ఫైలు పంపే ముందు ఒక మాట

చి.ల.సౌ. బంగారుతల్లికి,

విల్లివాక్కం నుంచి పెద్దమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నాక నిద్ర పట్టలేదు. పెళ్లయిన 40 రోజులకే అల్లుడు టొరంటో వెళ్లిపోయాడు. "ఇంకెన్నాళ్లు పెద్దమ్మా?" అన్నావు. మీ అక్క కూడా రోజూ ఇదే అడిగేది.

భర్త స్పాన్సర్ చేసి, అంటే పూచీ పడి, భార్యను రప్పించుకునే ఇలాంటి ఫైళ్లు తేల్చడానికి కెనడా వాళ్లు పెట్టుకున్న లెక్క 12 నెలలు. అంతకు ముందే రావచ్చు, దాటిపోనూవచ్చు. పంపాక మనం చేయగలిగింది తక్కువ కాబట్టి, పంపే ముందే జాగ్రత్తపడాలి. మేం దెబ్బతిన్నది అక్కడే. అక్క పెళ్లి సర్టిఫికెట్ తమిళంలో ఉంటే, ఇంగ్లిషు బాగా వచ్చు కదా అని మీ పెదనాన్న చేతే అనువాదం చేయించాం. ఇంట్లోవాళ్లు చేసింది చెల్లదట. ఫైలంతా తిరిగొచ్చింది, మూడు నెలలు గంగపాలు. ఆ రోజు అక్క ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తే. నువ్వు బయటి అనువాదకుల దగ్గరే చేయించుకుని, అఫిడవిట్ కూడా తీసుకో.

తర్వాత పేర్లు. మద్రాసు తెలుగువాళ్లకు ఇదో తలనొప్పి. స్కూలు సర్టిఫికెట్‌లో నాన్న పేరు ఇనీషియల్‌గా ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఉంటుంది. అన్ని కాగితాలూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకో. పాస్‌పోర్టులో మీ ఆయన పేరు చేర్చాలన్నా, రెన్యూ చేయించాలన్నా ఇప్పుడే చేయించు. మధ్యలో మారిస్తే వాళ్లకు మళ్లీ తెలియజేయాలి. పీసీసీ, అంటే మన మీద కేసులేవీ లేవని ఇచ్చే పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్, మాత్రం అన్నిటికన్నా చివర తీసుకో. పంపే నాటికి అది ఆరు నెలలు దాటి ఉండకూడదు. పాస్‌పోర్టు సేవా కేంద్రంలో తీసుకోవచ్చు.

మీది పెద్దలు కుదిర్చిన పెళ్లి. సంబంధం ఎవరు తెచ్చారు, పెళ్లిచూపులు ఎప్పుడు, నిశ్చితార్థం ఎక్కడ, అన్నీ ఫైలు చూసే ఆఫీసరుకు తెలిసేలా వివరంగా రాయండి. మొదటిసారి కలిసిన రోజని నువ్వు పెళ్లిచూపుల తేదీ వేసి, అల్లుడు అంతకుముందు ఎవరి పెళ్లిలోనో చూసిన రోజు వేస్తే అనుమానం వస్తుంది. ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుని నిజం ఒకేలా రాయండి. శుభలేఖ, ఫొటోలు, మెసేజీలు ఏవీ పారేయకు.

ఈలోగా విజిటర్ వీసా మీద వెళ్లి చూసి రావాలనుకుంటే అడగవచ్చు. కానీ స్పాన్సర్ ఫైలు నడుస్తోందని అందులో చెప్పి తీరాలి. దాచినట్టు తేలితే ఐదేళ్లు దారి మూసుకుపోతుంది. అల్లుడికి ఉన్నది పౌరసత్వం కాదు, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) కాబట్టి నిన్ను స్పాన్సర్ చేయాలంటే కెనడాలోనే కాపురం ఉండాలి. నిన్ను చూడటానికి కొన్నాళ్లు వచ్చి వెళ్లడం వేరు, నెలల తరబడి ఇక్కడ ఉండిపోవడం వేరు. మెడికల్ పరీక్షకు కెనడా వాళ్లు పిలిచినప్పుడే వెళ్లు. అది 12 నెలలే చెల్లుతుంది. ఎంతకీ కదలికే లేకపోతే, అల్లుడు నీ సంతకంతో 5 డాలర్లు కట్టి ఫైల్లో ఏముందో తెప్పించుకోవచ్చు.

ఉద్యోగం మాత్రం మానొద్దు తల్లీ. మీ అక్క వచ్చే నెలే వీసా అనుకుని రాజీనామా చేసి, ఇంట్లో కూర్చుని ఫోనే చూస్తూ ఎండిపోయింది.

అప్పటి ఫారాల కాపీలు బీరువాలో దాచాను. ఫారాలు మారి ఉంటాయి గానీ, ఏం రాశామో చూస్తే నీకు తెలుస్తుంది. ఆదివారం పొద్దున్నే రా. నీ కాగితాలన్నీ తెచ్చుకో, కూర్చుని ఒక్కొక్కటీ సరిచూద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ