హోటల్‌లో మన కారు తీసుకెళ్లి పార్క్ చేసే వ్యాలెట్‌కి ఇచ్చిన కారు పోతే హోటల్‌కి బాధ్యత ఉండదా?

ఉంటుంది, టోకెన్ వెనక "పార్కింగ్ ఓనర్ రిస్క్‌పైనే" అని అచ్చు వేసినంత మాత్రాన, తమ నిర్లక్ష్యం వల్ల కారు పోతే హోటల్ తప్పించుకోలేదు.

తాళం చెవి ఇచ్చి టోకెన్ తీసుకున్నారంటే కారును వాళ్ల స్వాధీనంలో పెట్టినట్టే, బట్టలు లాండ్రీలో వేసినట్టు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో దీని పేరు బెయిల్‌మెంట్. తీసుకున్నవాళ్లు దాన్ని సొంత వస్తువులా జాగ్రత్తగా చూసి తిరిగివ్వాలి. ఇవ్వలేకపోతే, తమ తప్పు లేదని ముందు హోటలే రుజువు చేసుకోవాలి.

ఉదాహరణకు, 1998 ఆగస్టులో ఢిల్లీ తాజ్‌మహల్ హోటల్‌కి వచ్చిన ఒక అతిథి తన మారుతి జెన్‌ను వ్యాలెట్‌కి అప్పగించారు. వేరే కారులో వచ్చిన కుర్రాళ్లలో ఒకడు దాని తాళం కాజేసి బండితో ఉడాయించాడు. టోకెన్ మీద రిస్క్ ఓనర్‌దే అని ఉన్నా, బాధ్యత హోటల్‌దేనని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. (21 ఏళ్లు పట్టింది, అది వేరే సంగతి.)

"ఫ్రీ సర్వీసు కదా, ఎలా అడుగుతాం?" అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఆ ఖర్చు గది అద్దెలోనో, బిల్లులోనో కలిసే ఉంటుందని కోర్టే అంది. అలాగని తాళం మన జేబులోనే ఉంచుకుని మనమే పార్క్ చేసుకున్న కారుకు ఈ లెక్క వర్తించదు. గీతలు, సొట్టల విషయంలో అవి ముందే ఉన్నాయో లేదో తేల్చడం కష్టం, కాబట్టి తాళం ఇచ్చే ముందే నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి.