గ్యాబర్ కిక్‌లో కోపం రావట్లేదా, ఈక్యూ ఎక్కడ పెట్టావో చూడు

గ్యాబర్ (బాగా ఫాస్ట్‌గా, గట్టిగా కొట్టే హార్డ్‌కోర్ టెక్నో) ట్రాక్‌లో నీ కిక్, అంటే బేస్ డ్రమ్ దెబ్బ, లౌడ్‌గా ఉన్నా కోపంగా వినపడట్లేదు అన్నావు కదా, అది డిస్టార్షన్ (సౌండ్‌ని చింపే ఎఫెక్ట్) తక్కువై కాదు బ్రో, ఈక్యూ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉండాలో పెంచి తగ్గించే టూల్) దాని తర్వాత మాత్రమే పెడుతున్నట్టున్నావ్.

1. మాస్టర్ (చివరి అవుట్‌పుట్) మీద లిమిటర్ (లెవెల్ హద్దు దాటనివ్వని ఎఫెక్ట్) తీసెయ్.

2. డిస్టార్షన్ కంటే ముందు ఇంకో ఈక్యూ పెట్టు. అందరూ వదిలేసేది ఇదే. లోపలికి ఏది గట్టిగా వెళ్తే అదే ఎక్కువ చిరుగుతుంది, 50 హెర్ట్జ్ సబ్ (లోతైన బేస్) మొత్తం తోసేస్తే బురదబురదగా వస్తుంది. కింద కాస్త తగ్గించి 200-400 హెర్ట్జ్ మధ్య బాగా లేపు, ఆ బూస్ట్‌ని మెల్లగా జరుపుతూ విను, ఒకచోట టెయిల్ (కిక్ చివర సాగే సౌండ్) అరవడం మొదలెడుతుంది, అక్కడ ఆగు.

3. క్లిప్ (హద్దు దాటిన సౌండ్ పైభాగాన్ని కోసేయడం), మళ్ళీ ఈక్యూ, మళ్ళీ క్లిప్. ఒకేసారి ఫుల్ పెట్టొద్దు.

4. పోయిన సబ్‌ని వేరే ట్రాక్‌లో క్లీన్‌గా కలుపు.

స్పీడ్ నిమిషానికి 190 బీట్లకి పెంచినంత మాత్రాన తిరుగుబాటు వచ్చెయ్యదు. 1990ల మొదట్లో రోటర్‌డ్యామ్ కుర్రాళ్ళు ఆమ్‌స్టర్‌డ్యామ్ క్లబ్బుల స్టైల్ మీద కసితోనే రోలాండ్ 909 డ్రమ్ మెషీన్ కిక్‌ని పగిలేదాకా ఓవర్‌డ్రైవ్ చేశారు, నువ్వేమో మీటర్ ఎర్రబడగానే ఫేడర్ దించేస్తున్నా అంటున్నావ్! చెవికి నచ్చితే ఉండనీ, ఎక్స్‌పోర్ట్ అప్పుడు చూసుకోవచ్చు.